నల్లగుట్ట స్టేజీలో ఒంటి చెప్పుల వరుస

అమూల్య తప్పని కొట్టేసిన ప్రయాణికుల లెక్కల పట్టికను ఒప్పని అచ్చు వేశారు. ఆ అచ్చును ఆధారంగా చూపి, లింగాల నుంచి నాగర్‌కర్నూలుకు వెళ్లే పొద్దుటి బస్సును నల్లగుట్ట దారి తప్పించి మెయిన్ రోడ్డుకు మళ్లించారు. పట్టిక తప్పని ఆమె రాతపూర్వకంగా తెలిపింది నిరుడు జూలై పదిహేడున. నివేదిక అచ్చయింది అక్టోబరులో. నల్లగుట్టకు బస్సు రాకుండా పోయింది నవంబరు ఒకటిన. ఈ మూడు తేదీల నడుమ "మాకు తెలియదు" అన్న మాట పట్టేంత సందు లేదు.

అమూల్యది గద్వాల. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న తండ్రి శాంతయ్య వీపు చూస్తూ అక్షరాలు దిద్దుకున్న పిల్ల. ఆ ఇంట్లో చీర నడుమంతా నూలు, అంచు పట్టు. రెండు వేరువేరు జాతుల దారాలను పోగుపోగునా కలపడమే ఆ ఇంటి విద్య. ఎక్కడైనా పోగు తప్పితే శాంతయ్య అక్కడొక ఎర్ర నూలు ముక్క కట్టేవాడు. మగ్గం దిగి, చెంబెడు నీళ్లు తాగి వచ్చి, ఆ ఎర్ర ముక్క దాకా నేసినదంతా విప్పేవాడు. ఒక్కోసారి పూట పని పోయేది.

"కొనేటోళ్లకు గా తప్పు కనబడతదా ఏంది?" అని తల్లి ధనలక్ష్మి విసుక్కునేది.

"నాకు కనబడ్డది గద," అనేవాడు శాంతయ్య. అంతకు మించి వాదించేవాడు కాదు.

డిగ్రీ కోసం అమూల్య వనపర్తికి వెళ్లేది. కొత్తకోటలో దిగి మరో బస్సు ఎక్కాలి. హైదరాబాదు నుంచి బెంగళూరుకు పరుగెత్తే బస్సులు ఆమె ముందు దుమ్ము మాత్రం దించి పోయేవి. ధాబాల ముందు లారీలు, మెకానిక్కుల సుత్తి చప్పుళ్లు, రోడ్డంతా వాహనాలు; ఆమెను ఎక్కించుకునేది మాత్రం గంటకొకటి. రోడ్డు దగ్గరగా ఉండటం వేరు, బస్సు దగ్గరగా ఉండటం వేరు అని ఆమె నేర్చుకున్నది అక్కడే. ఆ మూడేళ్ల నిలబడటమే తర్వాత పరిశోధనాంశమైంది.

భూగోళశాస్త్రంలో ఎం.ఏ. ముగించి, నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో కొత్తగా తెరిచిన సుస్థిర రవాణా కేంద్రంలో పీహెచ్‌డీకి చేరింది. ఆ కేంద్రం గొప్ప ఏమిటంటే అది ఒక శాఖది కాదు. సివిల్ ఇంజనీరింగ్, భూగోళం, అర్థశాస్త్రం, సామాజికశాస్త్రం నాలుగూ కలిసి పరిశోధన చేయిస్తాయని కరపత్రంలో రంగుల్లో రాశారు. ఇంట్లో నూలూ పట్టూ కలవడం చూసి పెరిగిన పిల్లకు ఆ మాట నచ్చింది. కలపడమంటే ఎంత పనో కరపత్రం రాసినవారికి తెలుసో లేదో అని అప్పుడు ఆమె అనుమానించలేదు.

ఆమెకు తోడుగా సివిల్ శాఖ నుంచి రాకేష్ అనే ఎం.టెక్ విద్యార్థి వచ్చాడు. కొత్తకోట మెకానిక్కు కొడుకు. లెక్కింపు ఫారం తయారు చేసింది అతనే, ఊళ్లకు తిప్పే మోటారు సైకిలూ అతనిదే. పద్ధతి చిన్నది. బస్సు రాకముందు స్టేజీలో నిలబడిన ప్రయాణికులను లెక్కపెట్టాలి. పొద్దున ఆరు నుంచి ఆరూ ఇరవై అయిదు వరకు నల్లగుట్ట. ఆ తర్వాత బండెక్కి, బస్సు కంటే ముందుగా తర్వాతి స్టేజీకి చేరాలి. నల్లగుట్టకు బస్సు వచ్చేది ఆరూ నలభైకి. అంటే అది వచ్చేసరికి వీళ్లు అక్కడ ఉండరు. కాగితం మీద ఇందులో లోపమేమీ కనబడలేదు. నాలుగు శాఖలవారూ చూసి సంతకాలు చేశారు.

జూన్ చివర మొదలుపెట్టి ఇరవై రెండు పొద్దులు అమూల్య అలా నిలబడింది. ఒకనాడు ముగ్గురు, ఒకనాడు అయిదుగురు. బీడీ తాగే ఒక ముసలాయన, సంచీలతో ఇద్దరు మొగవాళ్లు. సగటు నాలుగు. స్టేజీ పక్కనే మైసమ్మ గద్దె ఉంది. దాని ముందు నేల మీద రోజూ చెప్పులు కనిపించేవి. మధ్యలో ఒక కొడవలి, ఒక టిఫిన్ డబ్బా, ఒక నీళ్ల సీసా, ఒకటి రెండు రాళ్లు. గద్వాలలో వాళ్ల వీధి గుడి ముందూ చెప్పులు ఉంటాయి. ఆమె డైరీలో ఒక్క మాట రాసుకుంది: "భక్తులు." జూలై పద్నాలుగున, నెలవారీ ప్రగతి కింద అడిగితే, పట్టికను తన పర్యవేక్షకుడు వెంకటేష్ గారికి పంపింది.

జూలై పదహారున మెకానిక్కు కొడుకు బండికే పంక్చరు పడింది.

రాకేష్ చక్రం విప్పుతుండగా ఆరూ ఇరవై అయిదు దాటింది. నిలబడి నిలబడి కాళ్లు లాగుతుంటే అమూల్య గద్దె పక్కన కూర్చోబోయి, సంచి పెట్టడానికి చోటు చాలక, వరుసలో అన్నిటికంటే ముందున్న చెప్పును పక్కకు జరిపింది. అప్పుడే వాగు మలుపు దగ్గర బస్సు హారన్ మూడుసార్లు మోగింది.

ఆ మోతకు చేన్లు కదిలాయి. పత్తి సాళ్ల నడుమ కలుపు తీస్తున్న ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు విదుల్చుకుంటూ లేచారు. కొట్టంలో పాలు పితుకుతున్నవాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. పుస్తకాలు గుండెకు అదుముకుని కాలేజీ ఆడపిల్లలు, దవాఖాన చీటీతో ఒక బాలింత, గోడ పనికి పోయే మొగవాళ్లు. అందరికంటే ముందు నెత్తిన ఆకుకూరల గంపతో వచ్చింది సత్తెమ్మ. అరవై దాటిన మనిషి. గొంతుకు మాత్రం ఆ వయసు రాలేదు.

"ఎవలే నా చెప్పు జరిపింది?"

అమూల్య లేచి నిలబడింది. "నేనే అవ్వా. జర కూసుందామని..."

"ఓ సర్వే మేడం! ఇరవై దినాల సంది చూస్తున్న. వస్తవ్, కాగితం వట్టుకొని కొంగ లెక్క నిలవడతవ్, పోతవ్. ఇయ్యాల సీదా నా సీటుకే ఎసరు వెడితివా?"

"సీటా? మైసమ్మకు మొక్కనీకె చెప్పులు ఇడిసిన్రనుకున్న."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టేజీ గొల్లుమంది. సత్తెమ్మ మనవరాలు రోజా, నాగర్‌కర్నూలులో డిగ్రీ మొదటేడు చదువుతున్న పిల్ల, నవ్వు ఆపుకోలేక అడిగింది: "అన్నీ ఒంటి చెప్పులే గద అక్కా! మొక్కేటోళ్లు ఒక్క చెప్పిడిసి ఇంకో కాలితోని ఏడికి పోతరు?"

అమూల్య కిందికి చూసింది. ఇరవై రెండు పొద్దులు చూసినదాన్ని అప్పుడు మొదటిసారి చూసింది. ఒక్కటీ జత లేదు. అన్నీ తోడు తెగిన పాత చెప్పులు. దొంగ కూడా ఎత్తుకుపోనివి. ఏ చెప్పు ఎవరిదో ఊరంతటికీ తెలుసు. బస్సు లింగాల నుంచి ముక్కాలు నిండి వస్తుంది. మిగిలిన సీట్లకు కొట్లాట లేకుండా వరుసలో చెప్పు పెట్టిపోవడం అక్కడి కట్టుబాటు. ఒక గంట చేను పని చేసుకోవచ్చు, పాలు పితుక్కోవచ్చు. డ్రైవర్ హనుమంతు వాగు దగ్గర హారన్ కొడితే చాలు. ఎవరు ముందో చెప్పు చెబుతుంది. ఇంత చక్కని ఏర్పాటు ఉన్న చోట పని మానుకుని నలభై నిమిషాలు ఊరికే నిలబడేవాడు పని లేనివాడైనా కావాలి, పరిశోధకుడైనా కావాలి.

ఆ పొద్దు నల్లగుట్టలో బస్సెక్కినవారు ముప్పై ఒక్కమంది.

"అక్కా, ఫారంలో చెప్పులకు కాలమ్ లేకుండె," అన్నాడు రాకేష్, చేతుల మసి తుడుచుకుంటూ. ఓదార్పుగానే అన్నాడు.

"కాలమ్ లేకుంటే లేకపాయె. నాకు కండ్లున్నయ్ గద రాకేష్?"

కండక్టరు మిషన్ లెక్కలైనా ఈ తప్పును పట్టించేవి కావు. నల్లగుట్ట టికెట్ స్టేజీ కాదు. అక్కడ ఎక్కినవారంతా వెనకటి పెద్ద ఊరి ఖాతాలో పడతారు. యంత్రానికీ నల్లగుట్ట లేదు, ఫారానికీ లేదు.

ఆ మధ్యాహ్నమే వనపర్తిలో ఒక హోటల్ బల్ల మీద ఆమె పట్టికను పరచి, చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, కింద రాసింది: "తప్పు. నిలబడిన మనుషులను లెక్కించాను, వేచి ఉన్న మనుషులను కాదు. దీన్ని వాడరాదు." మర్నాడు అదే మాటను ఉత్తరంగా రాసి, ఆ గీత గీసిన పట్టికతో సహా వెంకటేష్ గారికి పంపింది. రాకేష్ కొత్త ఫారం గీశాడు. అందులో చెప్పులకు ఒక కాలమ్, కొడవళ్లకూ డబ్బాలకూ రాళ్లకూ కలిపి ఇంకొకటి, బస్సెక్కిన తలలకు మరొకటి. నలభై రోజులు మళ్లీ లెక్కపెట్టారు. వరుసలోని వస్తువుల సంఖ్యకూ ఎక్కినవారి సంఖ్యకూ తేడా ఏ రోజూ రెండు దాటలేదు. సగటు ముప్పై. అదే సిద్ధాంత గ్రంథంలో ఆరో అధ్యాయమైంది. పక్క రెండు స్టేజీల్లోనూ ఇదే వరుస, ఇదే పద్ధతి. ఇంజనీరు లెక్కా, ఊరి ఆచారమూ ముడి తగలకుండా కలిసిన చోటు ఆ గ్రంథం మొత్తంలో అదొక్కటే.

అక్టోబరులో నివేదిక వచ్చింది. బస్సు దారులను సవరించి డీజిల్ ఎలా ఆదా చేయాలో చెప్పడానికి ఒక కన్సల్టెన్సీ సంస్థ రాసిన నూట నలభై పేజీలు. వెంకటేష్ గారు ఆ సంస్థకు సలహాదారు కూడా. అందులో పట్టిక 4.2: నల్లగుట్ట, సగటు ప్రయాణికులు నలుగురు. కింద సన్నని అక్షరాల్లో "క్షేత్ర పరిశీలన: పరిశోధక విద్యార్థిని." ఎర్ర గీత లేదు. దాని కింది మూడు వాక్యాలు లేవు. పద్నాలుగో తేదీ పట్టిక చేరినవారికి పదిహేడో తేదీ ఉత్తరం చేరలేదనుకుందామంటే, రెండూ వెళ్లింది ఒకే చిరునామాకు.

నివేదిక సిఫారసు ఒక్క వాక్యం. బస్సును మెయిన్ రోడ్డు మీదుగా నడిపితే ఏడు కిలోమీటర్ల దూరం, దానికి తగ్గ పొగ తగ్గుతాయి. నవంబరు ఒకటి నుంచి అదే అమలైంది. నల్లగుట్ట నుంచి మెయిన్ రోడ్డుకు మూడు కిలోమీటర్లు. ఇప్పుడు పొద్దున నాలుగు ఆటోలు కిక్కిరిసిపోయి ఆ మూడూ పోయి, ఆ మూడూ వస్తాయి. ఇరవై నాలుగు కిలోమీటర్ల పొగ. ఏడు ఆదా చేయడానికి ఇరవై నాలుగు తగలేసి, దానికి పర్యావరణమని పేరు పెట్టారు. మిగిలినవారు నడుస్తారు. రోజా నడుస్తుంది.

డిసెంబరులో పరిశోధన సంఘం సమావేశమైంది. ఆరో అధ్యాయం మీదే చర్చంతా. చెప్పు ప్రామాణిక కొలమానం కాదన్నారు ఇంజనీరింగ్ వారు. చెప్పుకు కొనుగోలు శక్తి లేదన్నారు అర్థశాస్త్రం వారు. ఇందులో అంకెలు ఎక్కువయ్యాయన్నారు సామాజికశాస్త్రం వారు. ఆమె సొంత శాఖవారు పటం తెరిచి, నల్లగుట్ట స్టేజీ అందులో లేదన్నారు. నాలుగు శాఖలూ ఏకమైన సందర్భం కేంద్రం చరిత్రలో బహుశా అదే మొదటిది.

అందరూ వెళ్లాక వెంకటేష్ గారు ఆమెను ఆగమన్నారు. గొంతు పెంచే మనిషి కాదు.

"ఆరో అధ్యాయం తీసెయ్యి అమూల్యా. పాత పట్టిక అనుబంధంలో పెట్టు. ఎండాకాలం లోపు వైవా పెట్టిస్తాను."

"ఆ పట్టిక తప్పని జూలైలోనే మీకు రాశాను సార్."

"చూశాను. అప్పటికే నివేదిక చివరి దశలో ఉంది."

"అది అక్టోబరులో కదా సార్ వచ్చింది?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "తప్పు నీదే కదా అమ్మా. నీ తప్పును నువ్వే చాటుకుంటే రేపు నీకు ఉద్యోగం ఎవరిస్తారు?"

ఆ మాటలో అబద్ధం లేదు. అదే దానిలోని దుర్మార్గం. తప్పు ఆమెదే. ఆ తప్పును దిద్దుకునే హక్కు కూడా ఆమెదే. మొదటిది ఆమెకు వదిలిపెట్టి రెండోదాన్ని లాక్కున్నారు.

సంక్షోభంలో ఉన్నవాళ్లు చేసే పనే ఆమె కూడా చేసింది. ఇంటికి ఫోన్ చేసింది. అంతా విని శాంతయ్య అడిగాడు: "ఏడ తప్పిందో నీకు తెల్సా బిడ్డా?"

"తెల్సు నాయనా."

"మరెందుకు పరేషాన్? ఏడ తప్పిందో తెల్వనోడు పరేషాన్ కావాలె."

వెనక ధనలక్ష్మి ఏదో అంటుంటే, "మీ అమ్మ పట్టా ఎప్పుడొస్తదని అడుగుతుంది," అన్నాడు.

జనవరిలో ఒక పొద్దున అమూల్య నల్లగుట్టకు వెళ్లింది. రాకేష్ బండి ఆపి దూరంగా నిలబడ్డాడు. మైసమ్మ గద్దె ముందు నేల ఖాళీగా ఉంది. ఒక్క చెప్పు మాత్రం వరుసకు మొదట్లో ఉండే చోట అలాగే ఉంది. సత్తెమ్మ ఆకుకూరలు కట్టలు కడుతూ ఆటో కోసం కూర్చుంది.

"మల్ల వచ్చినవా సర్వే మేడం? ఇప్పుడేం లెక్కవెడతవ్, ఆటోల రాడ్లకు యాలాడేటోళ్లనా?"

మాట తడబడకుండా చెప్పాలని అమూల్య దారంతా కూర్చుకున్న వాక్యాలు అక్కడ పనికి రాలేదు. "అవ్వా, బస్సు పోయింది నా లెక్కతోనే. మొదలు నేను తప్పు లెక్క రాసిన. దాన్నే చూపి తీసేసిన్రు."

కట్ట కడుతున్న చేయి ఆగింది.

"నీ లెక్కనా," అంది సత్తెమ్మ. "మేం తప్పు జేస్తే మా చేను ఎండుతది. మీరు తప్పు జేస్తే గూడ మా చేనే ఎండాలె. గిదేం సదువు బిడ్డా?"

అమూల్య తల దించుకోలేదు. దించుకోవడం సులువని తోచి దించుకోలేదు.

"తప్పని మల్ల రాసినవా?"

"రాసిన. ఇనలే."

"పెద్దసార్ల ముంగట, కాగితం మీద, పేరు వెట్టి రాస్తవా?"

"రాస్త."

"రాస్తే నీ సదువు పోతదా?"

"పోవచ్చు అవ్వా."

సత్తెమ్మ కట్ట బిగించి, నాలుగు తోటకూర కట్టలు తీసి అమూల్య సంచిలో పడేసింది. "పో. రాయి పో. ముందుగాల రాసి, అటెన్క ఏడువు."

"నీ చెప్పు ఇంక ఈడనే ఉందేంది అవ్వా?" అన్నాడు రాకేష్ దగ్గరికి వచ్చి.

"బస్సొస్తే మొదటి సీటు నాది గాకుంటే నీ అయ్యదా?"

ఆ సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోట అమూల్య రెండు పేజీల ప్రకటన ఇచ్చింది. మొదటి వాక్యం: "పట్టిక 4.2 నాది, అది తప్పు, తప్పని తెలిసిన మరునాడే తెలియజేశాను." దానికి జూలై ఉత్తరం నకలు, నలభై రోజుల లెక్క జతచేసింది. ఫారం గీసినది తానేనని రాకేష్ వేరుగా సంతకం చేశాడు. అలా చేయమని అతన్ని ఎవరూ అడగలేదు. నల్లగుట్ట నుంచి ఇరవై ఏడు మంది, కొందరు సంతకాలు, కొందరు వేలిముద్రలు. అర్జీకి నంబరు ఇచ్చారు. జవాబు ఇవ్వలేదు. విశ్వవిద్యాలయం మాత్రం త్వరగానే స్పందించింది: ఆమె వైవాను "తదుపరి ఉత్తర్వుల వరకు" నిలిపివేసింది. ఆ తదుపరి ఏడు నెలలైనా రాలేదు. అమూల్య గద్వాలలో ఉంది. పొద్దున తండ్రికి పట్టు చిక్కు విప్పి ఇస్తుంది; మధ్యాహ్నం ఆరో అధ్యాయాన్ని, ఒక్క అంకె మార్చకుండా, మళ్లీ చదువుకుంటుంది.

ఇక మీతో. నివేదిక రాసిన సంస్థ బాధ్యులారా, పట్టిక 4.2ను ఉపసంహరించుకోండి. ఎర్ర గీతతో, దాని కింది మూడు వాక్యాలతో దాన్ని మళ్లీ అచ్చు వేసి, పాత నివేదిక పంపిన ప్రతి చిరునామాకూ పంపండి. ఆచార్య వెంకటేష్ గారూ, జూలై పదిహేడు ఉత్తరాన్ని ఏ రోజు తెరిచారో, తెరిచాక ఎవరికి చెప్పారో తేదీ వేసి, సంతకం చేసి చెప్పండి. పరిశోధన సంఘం సభ్యులారా, ఆరో అధ్యాయాన్ని ఉన్నది ఉన్నట్టుగా పరీక్షకు పంపండి. తప్పయితే తప్పని నిరూపించండి, పటంలో లేదని మాత్రం చెప్పకండి. దారి మార్చిన అధికారులారా, మీ ఉత్తర్వుకు నిలబడటానికి ఉన్న ఒకే కాలు ఆ పట్టిక. అది విరిగి ఏడాది దాటింది. ఉత్తర్వును రద్దు చేసి, బస్సును నల్లగుట్టకు పంపండి.

మీలో ఎవరికైనా ఇంకా సందేహం మిగిలితే, బస్సును పంపిన రోజున మీరూ ఆ స్టేజీకి రండి. ఆరూ ఇరవై అయిదుకు వెళ్లిపోకండి. వాగు మలుపులో హారన్ మోగేదాకా ఉండి, చేన్లలోంచి లేచి వచ్చేవారిని మీ కళ్లతో లెక్కపెట్టండి. వరుసలో మొదటి చెప్పును మాత్రం జరపకండి.